వదిలేసిన ఆట చెల్లదు

ఆదివారం

ఇందుమూలముగా ఈ ఇంట నివసించు సమస్త జనులకు, అనగా నాకును, మా ఆవిడకును, ట్యూబులైటు వెనుక కాపురముండు బల్లికిని తెలియజేయునది ఏమనగా: సోఫాకు కుడివైపున గల కుషను, దాని నడుమ ఏర్పడిన గుంటతో సహా, నేటి నుండి నా సొంత ఆస్తిగా పరిగణింపబడును. సదరు గుంట నా ఏళ్ళ తరబడి కృషికి ఫలితము గనుక దానిని దులుపుట, తిరగవేయుట, ఎండలో వేయుట నేరము. టీవీకి అడ్డముగా నిలబడి దుప్పట్లు మడత పెట్టుట అంతకన్నా నేరము. కొత్త ఆట డబ్బాపై గల ప్లాస్టిక్కు కాగితమును చింపు అధికారము ఇంటి యజమానికి మాత్రమే కలదు.

దీన్ని నిలబడి, గొంతు సవరించుకుని చదివాను. మా ఆవిడ చివరిదాకా విని, "యజమాని ఎవరు?" అంది.

"అది ప్రకటనలో లేదు."

"అయితే జరుగు," అని నా గుంటలోనే కూర్చుని, ప్లాస్టిక్కు కాగితం పళ్ళతో చింపేసింది.

మా కొట్లాట ఆట రెండో భాగం ఇంటికి వచ్చింది.

సోమవారం

మా ఇంట్లో తగాదాలు నోటితో తేలవు. నోటితో అయితే నేనే గెలుస్తాను, అందులో న్యాయం లేదని ఆవిడ ఎప్పుడో తీర్పు చెప్పేసింది. అందుకని ఫ్యాను ఎంత జోరుగా తిరగాలన్నా, ఈ నెల వదినగారింటికి వెళ్ళాలా మానాలా అన్నా, కొట్లాట ఆటలో మూడు రౌండ్లు. రెండు గెలిచినవాళ్ళ మాట నెగ్గుతుంది. మొదటి భాగం కొన్నప్పుడు నాకు నెత్తిన జుట్టుండేది. అప్పటినుంచీ ఇదే మా కోర్టు. పైకోర్టు లేదు.

ఈసారి తగాదా ఫ్యాను గురించి కాదు.

ఆవిడ పనిచేసే బ్రెడ్డు ఫ్యాక్టరీ వాళ్ళు సముద్రం పక్కన వేరే ఊళ్ళో ఇంకో ఫ్యాక్టరీ పెడుతున్నారు. రైల్లో ఒక పగలంతా పడుతుంది. అక్కడి ఓవెన్లన్నిటికీ పెద్దగా ఈవిణ్ణి రమ్మన్నారు. రెండేళ్ళు. ఈవిడ ట్రేలో బ్రెడ్డు రంగు చూసి మంట ఎంతుండాలో చెప్తుందని వాళ్ళకి గురి.

"నువ్వూ రా," అంది.

"నేనొచ్చి ఏం చెయ్యను? అక్కడ నాకు తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఎవణ్ణి ఏడిపించి బతకమంటావు?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అయితే నన్ను వెళ్ళొద్దంటావు."

"వద్దంటాను."

"నేను వెళ్తానంటాను. ఆడదాం పట్టు," అంది. "పాతదాంట్లో కాదు. అందులో నా అలవాట్లు నీకు తెలుసు, నీ వేషాలు నాకు తెలుసు. రెండో భాగంలో అయితే ఇద్దరం కొత్తవాళ్ళమే. ఆదివారం నాకు సెలవు. ఆరోజు తేల్చుకుందాం."

సరే అన్నాను. ఇంత పెద్ద విషయాన్ని ఆటలో తేల్చుకోవడం ఏమిటని ఎవరైనా అడిగితే, ఇంకెక్కడ తేల్చుకోవాలో వాళ్ళనే చెప్పమంటాను.

మంగళవారం

ఆట గురించి నా మొదటి అభిప్రాయాలు. ఎవరూ అడగలేదు కనుక నిష్పక్షపాతంగా రాస్తున్నాను.

డబ్బాలో ఉన్నది సగం ఆటేనట. మిగతా సగం నెట్‌లోంచి దిగాలట. నిన్న సాయంత్రమంతా ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒక నీలం గీత పాక్కుంటూ వెళ్ళడం చూశాం. బట్టల కొట్లో చొక్కా కొంటే చేతులు పోస్టులో పంపిస్తామన్నట్టుంది.

బొమ్మలు బావున్నాయి. మరీ బావున్నాయి. రేవులో జరిగే కొట్లాటలో వెనకాల కూలీలు నిలబడి చూస్తుంటారు. అందులో ఒకడు చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటున్నాడు. ఆ వేలు బయటికి ఎప్పుడు తీస్తాడా అని చూస్తూ మూడు దెబ్బలు తిన్నాను.

ఇక అసలు బాధ. బండోడు చిక్కిపోయాడు.

బండోడంటే మొదటి భాగంలో నా మనిషి. అసలు పేరేదో ఉంది, నోరు తిరగదు. కుస్తీవాడు. పొట్ట ముందు వచ్చేది, మనిషి తర్వాత వచ్చేవాడు. ఎదుటివాణ్ణి వాటేసుకుని, ఎత్తి, నేలకేసి కొట్టేవాడు. పట్టు దొరికిందంటే అయిపోయినట్టే. ఇప్పుడు వాడికి నడుం పెట్టారు. గడ్డం గీసి, పెళ్ళిచూపులకి పంపించేవాడిలా తయారు చేశారు. పట్టు కూడా కురచ చేశారు. మునుపు రెండడుగుల దూరంలో ఉన్నవాణ్ణయినా లాగి వాటేసుకునేవాడు. ఇప్పుడు ముక్కూముక్కూ తగిలితేనే అందుతుంది. కొంచెం ఎడంగా ఉంటే గాలిని వాటేసుకుని పడతాడు.

మా ఆవిడ మనిషి జడల ముసలమ్మ. చేతికర్రతో కొట్లాడుతుంది. ముసలమ్మని మాత్రం ఏమీ చెయ్యలేదు. కర్ర చప్పుడు ఇంకా గట్టిగా వినిపించేట్టు చేశారు, అంతే. కంపెనీలో ఎవరికో అమ్మమ్మ అయ్యుంటుంది.

ఇంకో ఘోరం. వెక్కిరింపు బటన్. మొదటి భాగంలో నేను బతికిందే దాని మీద. అది నొక్కితే బండోడు పొట్ట వాయించి చూపించేవాడు, అవతలివాళ్ళకి ఒళ్ళు మండి తప్పు చేసేవాళ్ళు. దీంట్లో వెక్కిరిస్తే అవతలివాళ్ళ బలం పెరుగుతుంది. వెక్కిరించిన ప్రతిసారీ వాళ్ళ పసుపు గీత కొంచెం నిండుతుంది. అది పూర్తిగా నిండితే ఒక మహా దెబ్బ కొట్టొచ్చు. ఆ దెబ్బకి బొమ్మ ఆగిపోయి, లోపలి ఎముకలతో సహా చూపిస్తారు. మొదటిసారి చూడముచ్చటగా ఉంది. ఆ తర్వాత నా ఎముకలే చూడాల్సివచ్చింది.

నాలాంటివాణ్ణి దృష్టిలో పెట్టుకునే ఈ మార్పు చేశారని నా అనుమానం.

బుధవారం

నడుం నొప్పి అని చెప్పి పనికి వెళ్ళలేదు. అల్మరాలు బిగించే పనికి నడుం నొప్పి కన్నా మర్యాదైన కారణం లేదు.

ఆవిడ అటు వెళ్ళగానే ఇటు మొదలుపెట్టాను. శిక్షణ గది అని ఉంది. అందులో ఒక బొమ్మ కదలకుండా నిలబడి ఎన్ని కొట్టినా తింటుంది. ఇంట్లో అలాంటి మనిషి ఒకరుంటే బావుంటుంది. ఒక ఆడగొంతు ఓపిగ్గా నేర్పిస్తుంది. "మీరు తొందరపడుతున్నారు, మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది. పొద్దున్నుంచీ ఆ ఒక్క మాటే అంది.

నెట్‌లో ఎవడితోనో ఒక మ్యాచ్ ఆడాను. నేను కంట్రోలరు సర్దుకునేలోపే అయిపోయింది. నవ్వుతున్న మొహం ఒకటి పంపాడు. వాడి ఊరు పేరు లేదు, ఉంటే రైలెక్కేవాణ్ణి.

ఒప్పందంలో ఒంటరిగా ఆడకూడదని లేదు. ఆడొచ్చనీ లేదు.

గురువారం

సాయంత్రం ఇద్దరం సరదాకి ఆడాం. ఆవిడ చేతులు కడుక్కునేలోపు ఆవిడ కంట్రోలరులో అడ్డు బటన్నీ తన్ను బటన్నీ తారుమారు చేసి పెట్టాను. పరిశోధన కోసం.

మొదటి మ్యాచ్‌లో ముసలమ్మ అడ్డు పెట్టాల్సినచోట గాల్లోకి తన్నింది. తన్నాల్సినచోట గోడలా నిలబడింది. నేను నవ్వాపుకోలేక దగ్గుతున్నాను. ఆవిడ కంట్రోలరుని ఒకసారి తిప్పి చూసుకుని, పెదవి కొరుక్కుని ఆడుతూ పోయింది. టీ తాగాక మళ్ళీ ఆడాం. ఈసారి ఒక్కటీ తగలనివ్వలేదు.

"ఎవరో బటన్లు మార్చినట్టున్నారు," అంది లేస్తూ.

"పాపం, ఎవరో."

"ఎవరైనా గానీ, చేతికి అందేట్టు మార్చారు. ఇక ఇలాగే ఉండనీ."

శుక్రవారం

నడుం నొప్పి నిజంగానే వచ్చింది.

శనివారం

ఆవిడ బట్టల పెట్టె మంచం కిందనుంచి తీసి, జిప్పు ఈ చివర్నుంచి ఆ చివరికి లాగుతోంది.

"ఏంటిది, అప్పుడే గెలిచేసినట్టు?"

"పనిచేస్తోందో లేదో చూస్తున్నా."

"పనిచేస్తోందా?"

"మధ్యలో పట్టేస్తోంది."

కొవ్వొత్తి ముక్క తెచ్చి జిప్పు పళ్ళకి రాసి ఇచ్చాను. అలవాటు. రాసిచ్చాక గానీ ఏం చేశానో తెలియలేదు.

ఆదివారం

మధ్యాహ్నం భోంచేశాక ఆడాం. తలుపు గడియ పెట్టాం. ఫోన్లు వంటింట్లో పెట్టాం. టాస్ ఓడి కుషను ఆవిడకి ఇచ్చేశాను.

మొదటి రౌండు నాది. ముసలమ్మని గోడ మూలకి నెట్టి పట్టు మీద పట్టు వేశాను. మూలలో ఉన్న మనిషి వెనక్కి పోలేదు కాబట్టి కురచ పట్టయినా అందుతుంది. బుధవారమంతా నేర్చుకున్నది ఇదొక్కటే. ఆవిడ, "ఎక్కడ నేర్చావు?" అంది. "పుట్టుకతో వచ్చింది," అన్నాను.

రెండో రౌండులో ఆవిడ మూలకి రాలేదు. నడిమధ్యలో నిలబడి, నేను కొట్టినవన్నీ కర్రతో ఆపుతూ, నాకు ఆయాసం వచ్చేదాకా ఆగింది. చెయ్యి ఊరుకోక ఒకసారి వెక్కిరింపు నొక్కాను. ఆ కాస్త పసుపే తక్కువైందట ఆవిడకి. బండోడి ఎముకలన్నీ మరోసారి చూశాం.

మూడో రౌండు. ఇద్దరికీ ప్రాణం చూపించే ఎర్ర గీత దారప్పోగంత మిగిలింది. ముసలమ్మ వెనక్కి గెంతి కర్ర పైకెత్తింది. ఆ కర్ర దిగేలోపు ఒక్క పట్టు చాలు. నా బొటనవేలు పట్టు బటన్ మీదే ఉంది. ఆ క్షణంలో ఆవిడ మొహంలోకి చూశాను. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని తెరకేసి చూస్తోంది. ఓవెన్ అద్దంలోంచి బ్రెడ్డు రంగు చూసేప్పుడు ఇలాగే చూస్తుందేమో. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వెళ్ళి చూడలేదు.

బొటనవేలు ఎత్తేశాను.

కర్ర దిగింది. బండోడు పడ్డాడు.

ఎందుకెత్తానో రాయక్కర్లేదు. పెద్దమనసున్నవాళ్ళు దాని గురించి రాసుకోరు. ఎవరూ చదవరు కాబట్టి ఈ ఒక్కసారికి రాసుకున్నాను.

ఆవిడ కంట్రోలరు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత, "గెలిచాను కదూ," అంది, నాతో కాదు, టీవీతో.

సోమవారం

పనికి వెళ్ళాను. మూడో అంతస్తులో మూడు తలుపుల అల్మరా. పలకలు పైకి మోసింది నేనూ, వ్యాను నడిపే డ్రైవరన్నా. మోసేప్పుడు కబుర్లు చెప్పుకోకపోతే మెట్లు ఎక్కువవుతాయి, అందుకని చెప్పాను. మా ఆవిడ కోసం గెలిచే ఆట ఎలా వదిలేసుకున్నానో, బొటనవేలు ఎలా ఎత్తానో. రెండో అంతస్తు మలుపులో పలక ఆనించి, గాల్లో వేలు ఎత్తి చూపించాను కూడా.

డ్రైవరన్న పలక వదిలేసి కళ్ళు తుడుచుకున్నాడు. పలక నా కాలిమీద పడింది.

"నువ్వు ఇట్లాంటోడివని నాకు తెలీదురా తమ్ముడూ. నిన్నొట్టి ఎదవ్వనుకున్నా ఇన్నాళ్ళూ."

"అదీ నిజమే అన్నా."

అల్మరా బిగించాక ఎప్పట్లాగే జేబులోంచి ఒక స్క్రూ తీసి, దాని కిందికి కొంచెం కనపడేట్టు దొర్లించి వచ్చాను. అది మా అల్మరాది కాదు, దేనిదీ కాదు. ఇంటాయన దాన్ని చూసుకుని ఎక్కడ బిగించడం మర్చిపోయామా అని తలుపులన్నీ తీసి వేసి వెతుక్కుంటాడు. నాకున్న కొద్దిపాటి వినోదం ఇది.

సాయంత్రం వదిన ఫోన్ చేసింది, మా ఆవిడకి అక్క. "ఏం మరిదీ, మా చెల్లెలు గెలిచిందటగా, వెళ్తుందటగా," అంది. గెలిచిందటగా అన్న ఆ గొంతులో కొంచెం వెటకారం ఉంది. ఉందని నాకనిపించింది. అందుకని వదినకీ చెప్పాను. పూర్తిగా చెప్పాను.

మంగళవారం

పని నుంచి వచ్చి చేతులు కడుక్కుంది. కడుక్కుంటూనే ఉంది. కుళాయి కట్టి, చేతులు తుడుచుకుని, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అక్క ఫోన్ చేసింది."

"క్షేమమేనా?"

"కావాలని ఓడిపోయావా?"

లేదు అని చెప్పి ఉండొచ్చు. అప్పటికింకా వీలుంది. "నేనలా అన్నానా?" అన్నాను, తల కాస్త పక్కకి వాల్చి. ఆ వాల్చడం నాకే బావుందనిపించింది.

"బొటనవేలు ఎత్తేశావట."

"ఆ సంగతి వదిలేయ్. గెలిచావు, వెళ్ళు. హాయిగా వెళ్ళు."

"అందరూ నాకు వదిలేసేవాళ్ళే," అంది. గొంతు పెంచలేదు. "చిన్నదాన్నని అక్క వదిలేసేది. ఆడదాన్నని ఫ్యాక్టరీలో బరువు ట్రేలు మోయనిచ్చేవాళ్ళు కాదు, పైగా దాన్నొక దయలాగా చెప్పుకునేవాళ్ళు. ఈ ఒక్క ఆటలో ఎవరూ నాకు ఏదీ వదిలిపెట్టలేదనుకున్నా. నువ్వు ఎంత వెధవ్వేషాలేసినా ఆట మాత్రం ఆటలాగే ఆడతావనుకున్నా."

నేను చొక్కా గుండీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాను.

"రూలు గుర్తుందా?"

గుర్తుంది. కర్టెన్ల తగాదాలో కావాలనే ఓడి, ఆవిడ ఎంచుకున్న పసుపు కర్టెన్లు వేయనిచ్చి, ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ "ముచ్చటపడింది కదాని నేనే వదిలేశానండీ" అని చెప్పుకు తిరిగాను. కొన్నాళ్ళు భరించి, ఆ కర్టెన్లు పీకి వంటింట్లో మసిగుడ్డలు చేసింది. రూలు ఆరోజే పెట్టింది. వదిలేసిన ఆట చెల్లదు.

"ఇదీ చెల్లదు," అంది. "మేనేజరు ఊళ్ళో లేడు, వచ్చే సోమవారం వస్తాడు. రానని చెప్పేస్తా."

"అయితే మళ్ళీ ఆడదాం."

"ఎందుకూ? నువ్వు గెలిస్తే ఉండిపోవాలి. ఓడితే మళ్ళీ వదిలేశావేమో అనుకుంటూ ఉండాలి. నీతో ఇక ఏం ఆడేది?"

లేచి కుర్చీ ఎక్కడిది అక్కడ పెట్టింది.

బుధవారం

ఆవిడ వెళ్ళదు. అంటే గెలిచింది నేనే. ఆటలో ఓడి, బయట గెలిచినవాణ్ణి ఈ వీధిలో నన్నే చూపించాలి. సంతోషంగా ఉంది.

పెట్టె మళ్ళీ మంచం కిందికి తోసేసింది.

సంతోషంగా ఉంది.

గురువారం

ఫ్యాను అయిదులో పెట్టాను. ఆవిడకి మూడు దాటితే జలుబు చేస్తుంది. దుప్పటి కప్పుకుంది.

కుషను తిరగేసి పెట్టాను, గొడవకి పనికొస్తుందని. పక్క కుర్చీలో కూర్చుంది.

"ఆదివారం ఎవరింటికీ వెళ్ళొద్దు," అన్నాను.

"నీ ఇష్టం."

"పోనీ వెళ్దాం."

"నీ ఇష్టం."

"గోడలకి పసుపు రంగేయిద్దామా?"

"నీ ఇష్టమయ్యా. అడగడం దేనికి?"

ఈ ఇంట్లో నా ఇష్టం ఇంత చవగ్గా ఎప్పుడూ దొరకలేదు. ఎంత చవకంటే చేతిలో పెట్టుకుని ఏం చెయ్యాలో తెలియలేదు. ఫ్యాను నేనే లేచి మూడుకి తగ్గించాను.

పనిలో డ్రైవరన్న వెనక్కి తిరిగి చూసి, "ఏంరా తమ్ముడూ, ఇవాళ స్క్రూ వదల్లేదే?" అన్నాడు. మర్చిపోయానన్నాను.

శుక్రవారం

ఆవిడ కోసం ఇంకో అబద్ధం ఆడాను. కావాలని ఓడిపోలేదు, నిజంగానే ఓడానని చెప్పాను. నావైపు నుంచి ఇది రెండో త్యాగం.

టిఫిన్ డబ్బా మూత తుడుస్తోంది. తుడవడం ఆపలేదు.

"అలాగా?"

"అలాగే. వదినకి గొప్పకి చెప్పాను. నువ్వు నన్ను చిత్తుగా కొట్టావు."

"ఇప్పుడిది దేనికోసం?"

"నిజం కోసం."

అప్పుడు నవ్వింది. ఈ వారంలో మొదటిసారి, కానీ అది నాకు కావలసిన నవ్వు కాదు. "మన వీధికి నీళ్ళు రావని చెప్పి అందరిచేతా బిందెలూ బకెట్లూ గ్లాసులతో సహా నింపించావు. డాక్టరు చెప్పాడని మా అక్కచేత పొద్దున్నే మేడమెట్లు వెనక్కి ఎక్కించావు. పాపం ఆ డాక్టర్ని ఆవిడ ఇప్పటికీ తిడుతుంది. నువ్వు చెప్పే నిజాన్ని పట్టుకుని నేను రైలెక్కాలా?"

"ఒట్టు."

"ఒట్లు కూడా వేస్తావు, అదే కదా నీతో బాధ. నన్ను పంపించాలని జాలిపడి ఇప్పుడిలా చెప్తున్నావు. ఆరోజు ఒకసారి వదిలేశావు, ఇప్పుడింకోసారి వదిలేస్తున్నావు. నాకొద్దు."

డబ్బా మూత పెట్టి వెళ్ళిపోయింది. మూత సరిగ్గా పడలేదు. నేను నొక్కి పెట్టాను.

ఎంత చెప్పినా నమ్మని మనిషికి ఎలా చెప్పాలో ఆట నేర్పే ఆ ఆడగొంతుకి కూడా తెలిసుండదు.

శనివారం

ఆవిడ డ్యూటీకి వెళ్ళాక ఆట పెట్టాను. ఆడాలనిపించలేదు. ఇన్నాళ్ళూ తెరవని మూలలన్నీ తెరుచుకుంటూ పోయాను. ఒకచోట పాత మ్యాచ్‌లన్నీ దాచిపెట్టి ఉన్నాయి. మనం అడక్కుండానే దాచుకుంటుంది కాబోలు. ఎవరు ఎప్పుడు ఏ బటన్ నొక్కారో చెరో పక్కనా గుర్తులు పడుతూ, మొత్తం మళ్ళీ చూపిస్తుంది. నెట్‌లో ఆ నవ్వు మొహంవాడితో ఆడింది కూడా ఉంది.

మా ఆదివారం ఉంది.

చూశాను.

దాన్ని తుడిచెయ్యాలా అని అడిగే బటన్ కూడా పక్కనే ఉంది. దానిమీద వేలు పెట్టుకుని, టీ మీద మీగడ కట్టేదాకా కూర్చున్నాను.

ఆదివారం

పొద్దున ఆవిడ పేపరు చదువుతుంటే పిలిచి, కుషను మీద కూర్చోబెట్టాను. గుంట ఉన్న వైపే పైకి పెట్టి ఉంచాను.

"మళ్ళీ ఏంటి?"

"చూడు."

"ఇందులో ఏం పెట్టావు?"

"నేనేం పెట్టలేదు. పెట్టలేను కూడా. ఆ రోజు మనం నొక్కినవన్నీ ఈ ఆట పెట్టె తనంతట తానే దాచుకుంది. ఎడమపక్క పడేవి నావి, కుడిపక్క పడేవి నీవి. చివరి రౌండు చూడు, చాలు."

ఆవిడ చేతిలో కంట్రోలరు పెట్టి వంటింట్లోకి పోయి, కడిగిన పళ్ళాలే మళ్ళీ కడిగాను.

చప్పుడు వినిపిస్తూనే ఉంది. బండోడి మూలుగులు. కర్ర గాల్లో లేచిన చప్పుడు, దిగిన చప్పుడు. మళ్ళీ వెనక్కి తిప్పింది. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది. ఇంకోసారి. తర్వాత ఆపేసినట్టుంది.

గుమ్మంలో నిలబడింది. నేను తిరిగి చూడలేదు, పళ్ళెం పని మిగిలి ఉంది.

"ఆఖర్న నీ వైపు ఒకే గుర్తు పడింది. పైనుంచి కిందిదాకా అదే. అది ఏ బటనూ?"

"పట్టు."

"అంత దూరంలో పట్టు అందదు కదా."

"అందదు."

"తెలిసే నొక్కావా?"

"తెలుసో లేదో తెలీదు. నొక్కాను."

ఆవిడ వచ్చి నా చేతిలో పళ్ళెం తీసుకుని తుడిచి పక్కన పెట్టింది. నా కుడిచెయ్యి తిప్పి బొటనవేలు చూసింది. అక్కడేం ఉంటుంది, సబ్బు నురగ తప్ప.

"చిత్తుగానే కొట్టాను," అంది.

"కొట్టావు."

"రేపు మేనేజరుకి వస్తానని చెప్తా."

"చెప్పు."

"మా అక్కకి నువ్వే ఫోన్ చేసి చెప్పు. నా ముందు చెప్పు. స్పీకర్లో పెట్టి."

చెప్పాను. వదిన నమ్మలేదు. "ఎంత పెద్దమనసు మరిదీ, పేరు కూడా వద్దనుకుంటున్నావు," అంది. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈసారిది నాకు కావలసిన నవ్వు.

ఇప్పుడు పక్కగదిలో పెట్టె సర్దుతోంది. జిప్పు ఆగకుండా పోతోంది, ఇక్కడికి వినిపిస్తోంది.

పోయిన ఆదివారం నాడు రాసినదాంట్లో ఒక ముక్క దిద్దాలి. ఎవరూ చదవకపోయినా దిద్దాలి. బొటనవేలు ఎత్తేశానని రాసినదంతా నేను కల్పించింది. ఆవిడ మొహంలోకి చూడనూ లేదు, నాలుక కొసా కనపడలేదు, తెర మీంచి కన్ను తీస్తే కదా. వేలు ఎత్తలేదు. ముసలమ్మ వెనక్కి గెంతినప్పటినుంచీ నొక్కుతూనే ఉన్నాను. కర్ర దిగి, బండోడు పడి, ఆవిడ గెలిచిందని తెరమీద పెద్ద అక్షరాలు పడ్డాక కూడా నొక్కుతూనే ఉన్నాను.